తిరిగి పంపడానికే పెంచడం

అందరికీ నమస్కారం. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే, ముందుగా నా వెనకున్న ఈ బేనర్‌తో ఒక చిన్న పేచీ పెట్టుకుంటాను. ఫోస్టర్ కేర్‌కి, అంటే సొంత ఇంట్లో ఉండలేని పిల్లల్ని కొన్నాళ్ళు తమ ఇంట్లో ఉంచుకోవడానికి, "దయగల కుటుంబాలు కావాలి" అని రాశారు. అక్షరాలు బాగున్నాయి, బొమ్మ బాగుంది. ఆ "దయగల" దగ్గరే నాకు ఇబ్బంది. దయ చూపించినవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా, లోపల ఎక్కడో కాస్త కృతజ్ఞత కోరుకుంటారు. రాత్రి రెండింటికి కట్టుబట్టలతో, ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చిన ఏడేళ్ళ పిల్లాడు మీకు కృతజ్ఞత చూపించడు. కంచం తోసేస్తాడు. గోడ మీద పెన్నుతో గీస్తాడు. "మా అమ్మయితే ఇలా చెయ్యదు" అంటాడు. ఆ అమ్మ ఏం చేసిందో మీరు అప్పటికే ఫైల్లో చదివి ఉంటారు. దయ మూడో రోజుకి అయిపోతుందండీ. మాకు కావాల్సింది ఓపిక ఉన్నవాళ్ళు, కాస్త మొండివాళ్ళు, ఎంత చికాకులోనూ నవ్వడం మర్చిపోనివాళ్ళు. వచ్చే ఏడాది "మొండి కుటుంబాలు కావాలి" అని రాయించండి. (నవ్వులు)

నా గురించి రెండు ముక్కలు. పదహారేళ్ళు పిల్లల రక్షణ విభాగంలో ఉద్యోగం చేశాను. ఆ ఉద్యోగం మానేశాక, గత పదకొండేళ్ళుగా నేనూ మా ఆయనా మా ఇంట్లోనే పిల్లల్ని ఉంచుకుంటున్నాం. అంటే ఒకే బల్లకి రెండు వైపులా కూర్చున్నాను. ఇటు కూర్చున్నన్నాళ్ళూ "ఈ కుటుంబాలకి ఎంత చెప్పినా అర్థం కాదేమిటి" అని విసుక్కున్నాను. అటు కూర్చున్నాక "ఈ ఆఫీసువాళ్ళు ఫోన్ ఎత్తరేమిటి" అని విసుక్కుంటున్నాను. రెండు విసుగులూ నిజమే.

ముందుగా ఫోస్టర్ కేర్ అన్న మాట దగ్గరే ఒక చిక్కుంది, అది తీర్చుకుందాం. మన భాషలో "పిల్లాణ్ణి పెంపకానికి ఇచ్చారు" అంటే దత్తత ఇచ్చేశారనే అర్థం. ఇంటిపేరు మారుతుంది, వారసత్వం మారుతుంది, ఇక వెనక్కి రావడం ఉండదు. ఫోస్టర్ కేర్ అది కాదు. కన్నవాళ్ళు కన్నవాళ్ళుగానే ఉంటారు. పిల్లాడి పేరు మారదు. కొన్ని రోజులో, కొన్ని నెలలో, ఒక్కోసారి కొన్నేళ్ళో, వాళ్ళ ఇల్లు బాగుపడేదాకా వేరే ఇంట్లో పెరుగుతాడు. "పెంపుడు కుటుంబం" అని అనువాదం చేస్తారు గానీ, ఆ మాట వినగానే మళ్ళీ దత్తతే గుర్తొస్తుంది. అందుకే నేను ఫోస్టర్ కుటుంబం అనే అంటాను. పండితులు క్షమించాలి.

మనవాళ్ళు ఇలాంటి సభల్లో యశోద పేరు ఎత్తకుండా ఉండరు. నేనూ ఎత్తుతాను, కాకపోతే ఆ కథని ఆఫీసు ఫైలులా చదువుతాను. అలవాటైపోయింది. తల్లిదండ్రులు బతికే ఉన్నారు. ఇద్దరూ జైల్లో ఉన్నారు. బిడ్డ ప్రాణానికి ముప్పు బయటివాళ్ళ నుంచి కాదు, సొంత మేనమామ నుంచి. అర్ధరాత్రి బిడ్డని అక్కణ్ణించి తప్పించి, తెలిసిన కుటుంబంలో చేర్చారు. ముప్పు తొలగిపోయాక బిడ్డ కన్నవాళ్ళ దగ్గరికి చేరాడు. ఇందులో దత్తత ఎక్కడుందండీ? ఇది అచ్చంగా ఫోస్టర్ కేర్. యశోదకి మాత్రం బిడ్డ ఎవరో, ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్కటీ నియమాలకి విరుద్ధం. (నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, ఆ కథలో నన్ను పట్టుకునేది వెన్న దొంగతనం కాదు. అక్రూరుడు రథం తీసుకొచ్చాక ఏమైందన్నది. పిల్లాడు మధుర వెళ్ళాడు, అక్కడ ఆయన కథ బ్రహ్మాండంగా సాగింది. ఇక్కడ రేపల్లెలో మిగిలిపోయిన ఆవిడ? భాగవతంలో ఒక మంచి పని జరుగుతుంది. కృష్ణుడు ఉద్ధవుణ్ణి పంపిస్తాడు, నందుణ్ణీ యశోదనీ పలకరించి ఓదార్చి రమ్మని. ఉద్ధవుడు వచ్చి కూర్చుంటాడు, వాళ్ళు చెప్పింది వింటాడు. మా రంగంలో ఆ ఉద్ధవుడి పోస్టు ఎప్పుడు చూసినా ఖాళీయే. పిల్లాడు వెళ్ళిపోయిన మర్నాడు ఫోస్టర్ తల్లికి ఫోన్ వస్తుంది నిజమే, కానీ "మంచం ఖాళీ అయింది కదండీ, ఇంకొకర్ని పంపమంటారా" అని. ఇవాళ నేను చెప్పేదంతా దాదాపు ఆ ఖాళీ పోస్టు చుట్టూనే తిరుగుతుంది.

పిల్లల రక్షణ అనగానే చాలామందికి ఒకటే దృశ్యం కనిపిస్తుంది. తలుపు కొట్టడం, పిల్లని ఎత్తుకెళ్ళడం, వెనకాల తల్లి ఏడవడం. నా పదహారేళ్ళలో నేను గడప తొక్కిన ఇళ్ళలో ఎక్కువ ఇళ్ళలో పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఉండాల్సిందీ అక్కడే. ఒకావిడ సంగతి చెప్తాను. రాత్రి షిఫ్టుకి వెళ్తూ ఇద్దరు పిల్లల్ని లోపల పెట్టి బయట తాళం వేసేది. ఎవరో ఫిర్యాదు చేశారు. కాగితం మీద అది నిర్లక్ష్యమే, అనుమానం లేదు. నిప్పంటుకుంటే ఆ పిల్లలు బయటికి రాలేరు. నాతో వచ్చిన కొత్త ఉద్యోగి ఫారం తీసి రాయడం మొదలుపెట్టాడు కూడా. కూర్చుని మాట్లాడితే తేలిందేమిటంటే, ఆవిడ పగటి షిఫ్టు అడిగి ఆరు నెలలైంది, ఇవ్వలేదు. మేం ఉత్తరం రాశాం. షిఫ్టు మారేదాకా కింది వాటాలో ఉన్న పెద్దావిడ రాత్రిళ్ళు ఆ పిల్లల దగ్గర పడుకుంది. అంతే, ఫైలు మూసేశాం. ఆ పిల్లలకి వేరే అమ్మ అక్కర్లేదు, వాళ్ళ అమ్మకి పగటి షిఫ్టు కావాలి.

ఇది నా సొంత తెలివి కాదు. 2009లో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాల్లో ఉంది. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని కుటుంబం నుంచి విడదీయకూడదు, అది ఆ కుటుంబానికి సాయం అందాలని చెప్పే గుర్తు అని. బిడ్డని ఇంట్లోంచి తీసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాయి ఆ మార్గదర్శకాలు. ఇది నిజంగా తప్పనిసరా? తప్పనిసరైతే, మనం చూపించే చోటు ఈ బిడ్డకి సరిపోతుందా? అనాథాశ్రమాలని మనం పిలిచే చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. మొదటి ప్రశ్న ఎవరూ వేయకపోవడం వల్లే అలా జరుగుతుంది.

ఆ ప్రశ్న వేయకుండా అధికారం వాడితే ఏమవుతుందో చరిత్రలో కావాల్సినంత ఉంది. అమెరికాలో 1854 నుంచి 1929 దాకా తూర్పు తీరం నగరాల నుంచి పిల్లల్ని రైళ్ళెక్కించి పడమటి రాష్ట్రాలకి పంపారు. సుమారు రెండు లక్షల మంది. స్టేషన్లలో, సభామందిరాల్లో వరసగా నిలబెడితే వచ్చినవాళ్ళు చూసి ఎంచుకుని తీసుకెళ్ళేవాళ్ళు. వాటికి అనాథల రైళ్ళని పేరు. తీరా చూస్తే వాళ్ళలో చాలామంది అనాథలే కాదు. ఆ పని మొదలుపెట్టిన చార్లెస్ లోరింగ్ బ్రేస్ దుర్మార్గుడేం కాదు, పెద్ద పెద్ద ఆశ్రమాల కన్నా కుటుంబమే మేలని నమ్మిన మనిషి. నమ్మకం సరైనదే, పద్ధతి ఘోరం. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని రక్షణ పేరుతోనే దశాబ్దాల పాటు తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్ళారు. 2008 ఫిబ్రవరి 13న అక్కడి ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కాబట్టి మా విభాగాన్ని మీరు అనుమానంగా చూస్తే నాకేం కోపం రాదు. చూడండి. ప్రశ్నలడగండి.

ఇదంతా చెప్పాక కూడా, ఈ రాత్రికి ఆ ఇంట్లో పడుకోకూడని పిల్లలు ఉంటారు. కొట్టే ఇళ్ళు ఉన్నాయి. కొట్టడం కన్నా దారుణమైనవి జరిగే ఇళ్ళూ ఉన్నాయి. తాగుడు, మత్తుమందులు, తల్లి ఆస్పత్రిలో, తండ్రి జైల్లో. వీటికి ఉత్తరాలు సరిపోవు. అప్పుడు ఆ బిడ్డ ఎక్కడికి వెళ్ళాలి? మొదట చూడాల్సింది బంధువుల్లో. అమ్మమ్మ, మేనత్త, పిన్ని. వాళ్ళు లేకపోతేనో, వాళ్ళ ఇల్లూ అంతంతమాత్రమే అయితేనో ఫోస్టర్ కుటుంబం.

"హాస్టల్ లాంటిది ఉంటే చాలదా, శుభ్రంగా ఉంటే, తిండి బాగుంటే, టీచర్లుంటే?" అని నన్ను చాలామంది అడుగుతారు. డబ్బు ఇచ్చేవాళ్ళయితే ఇంకా ఎక్కువ అడుగుతారు, ఎందుకంటే బిల్డింగుకి పేరు పెట్టుకోవచ్చు, కుటుంబానికి పెట్టలేం. వాళ్ళకి నేను ఇద్దరి గురించి చెప్తాను. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అని భార్యాభర్తలు. 1960ల్లో వాళ్ళొక పని చేశారు. ఏడాదిన్నరా రెండున్నరేళ్ళ మధ్య వయసున్న పిల్లలు తల్లి ఆస్పత్రిలో ఉన్న కొద్ది రోజులు ఎలా ఉంటారో కెమెరాతో రోజూ చిత్రీకరించారు. జాన్ అనే పిల్లాడికి 17 నెలలు. తల్లి రెండో కాన్పుకి వెళ్తే తొమ్మిది రోజులు శిశు సదనంలో ఉంచారు. ఆ సదనంలో ఎవరూ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. నర్సులు మంచివాళ్ళే. కానీ షిఫ్టు మారితే చెయ్యి మారుతుంది. వాడు మొదట్లో ఒక్కో నర్సు దగ్గరికీ వెళ్ళి నిలబడతాడు, ఎత్తుకుంటారేమోనని. ఈలోగా వేరే పిల్లలు తోసుకొస్తారు. నాలుగైదు రోజులకి ఏడుపు, తర్వాత తిండి మానెయ్యడం, ఆఖరికి తనకంటే పెద్దగా ఉన్న బొమ్మ ఎలుగుబంటిని కావిలించుకుని పడుండటం. తొమ్మిదో రోజు తల్లి వస్తే ఆవిడ చేతుల్లోకి రాకుండా పెనుగులాడాడు.

అలాంటి పరిస్థితిలోనే ఉన్న ఇంకో నలుగురు పిల్లల్ని, ఒక్కొక్కర్నీ ఒక్కోసారి, జాయిస్ తన ఇంట్లో పెట్టుకుంది. ఆవిడ చేసినవి చాలా చిన్న పనులు. పిల్ల రాకముందే వాళ్ళింటికి వెళ్ళి పరిచయం చేసుకుంది. ఏం తింటుంది, ఎలా పడుకుంటుంది అని తల్లిని అడిగింది. పిల్ల వాడే దుప్పటి, బొమ్మ కూడా తెప్పించింది. తల్లి ఫొటో దగ్గర పెట్టుకుని రోజూ తల్లి గురించి మాట్లాడింది. ఆ పిల్లలకి బెంగ లేదా అంటే ఉంది, కానీ జాన్‌లా చితికిపోలేదు. తల్లి వచ్చినప్పుడు గుర్తుపట్టారు, దగ్గరికెళ్ళారు. ఇక్కడ నన్ను ఆపేసే విషయం ఏంటంటే, ఆ ఇంట్లో గోడ మీద తల్లిని చెరిపేసి తన బొమ్మ పెట్టుకోవడం జాయిస్‌కి చాలా సులభం. ఆవిడ ఆ పని చెయ్యలేదు. ఫోస్టర్ తల్లి పని అంతా ఆ ఫొటోలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో కాసేపట్లో చెప్తాను.

నలుగురైదుగురు పిల్లల్ని చూసి ఏం తేలుస్తామని అడిగేవాళ్ళ కోసం రొమేనియా రాజధాని బుఖారెస్ట్ గురించి చెప్పాలి. ఆ దేశంలో 1966లో నియంత చౌషెస్కు ప్రభుత్వం గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రభుత్వ సదనాల్లో వదిలారు. 1989లో ఆయన కూలిపోయేనాటికి ఆ సదనాల్లో లక్షమందికి పైగా పిల్లలున్నారు. 2000 తర్వాత ముగ్గురు అమెరికన్ పరిశోధకులు, చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా, రాజధానిలోని సదనాల నుంచి 136 మంది పసిపిల్లల్ని తీసుకుని చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేశారు. సగంమంది ఫోస్టర్ కుటుంబాలకి, సగంమంది ఉన్నచోటే. చీటీలు వెయ్యడం న్యాయమా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. అయితే అప్పటికి ఆ ఊళ్ళో ఫోస్టర్ కేర్ అన్నదే దాదాపు లేదు. ఆ కుటుంబాల్ని వాళ్ళే వెతికి, శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి నిలబెట్టుకున్నారు. ఉన్నచోటే ఉన్న పిల్లల్ని కూడా, ఎక్కడైనా కుటుంబం దొరికితే ఆపకుండా పంపించారు.

ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. మూడున్నరేళ్ళ వయసుకి సదనంలో ఉన్న పిల్లల బుద్ధి పరీక్ష (ఐక్యూ) మార్కులు సగటున 77 దగ్గర ఉంటే, ఫోస్టర్ కుటుంబాల్లోని పిల్లలవి 86 దగ్గరున్నాయి. మొదటినుంచీ సొంత ఇళ్ళలో పెరిగినవాళ్ళవి 103. రెండేళ్ళలోపు కుటుంబంలోకి వచ్చినవాళ్ళు ఆ తర్వాత వచ్చినవాళ్ళ కన్నా బాగా కోలుకున్నారు. ఈ చివరి ముక్క మీ అందరికీ గుర్తుండాలి. ఎందుకంటే మేం ఆఫీసులో "కుటుంబం దొరికేదాకా" అని ఒక పిల్లని ఆర్నెల్లు సదనంలో ఉంచితే, ఆ ఆర్నెల్లు మాకు రెండు త్రైమాసిక సమావేశాలు, అంతే. ఏడాది పిల్లకి అది పుట్టినప్పట్నించీ ఉన్న జీవితంలో సగం. రొమేనియా తర్వాత చట్టం మార్చుకుంది. తీవ్రమైన వైకల్యం ఉంటే తప్ప రెండేళ్ళలోపు పిల్లల్ని సదనాల్లో పెట్టకూడదని.

సరే, కుటుంబం మంచిదని తేలింది. ఇంట్లో పెడితే పనైపోతుందా? కాదు. ఇంటికి నాలుగు గోడలుంటాయి, లోపల ఏం జరుగుతోందో బయటికి కనపడదు. 1874లో న్యూయార్కులో మేరీ ఎలెన్ అని పదేళ్ళ పిల్ల కేసు కోర్టుకొచ్చింది. రోజూ దెబ్బలు, ఒంటి మీద కత్తెర గాయం. ఈ కథ మీలో కొందరు వినే ఉంటారు. జంతువుల్ని హింసించకుండా చూసే సంఘం ఉంది, పిల్లలకి లేదు, అందుకని జంతువుగా లెక్కగట్టి కాపాడారని చెప్తారు. అది అతిశయోక్తి. జంతువుల సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్ సాయం చేసింది నిజమే, లాయరు వాదించింది మాత్రం మామూలు మనుషుల చట్టం కిందే. ఈ కథలో ఎవరూ చెప్పని సంగతి వేరే ఉంది. ఆ పిల్లని కొట్టిన ఇల్లు ఆమె కన్నవాళ్ళది కాదు. పసితనంలో నగర ధర్మాదాయ శాఖే ఆమెని ఆ కుటుంబానికి అప్పగించింది. ఏడాదికోసారి పిల్ల ఎలా ఉందో చెప్పమంది, అంతకు మించి ఎవరూ వెళ్ళి చూడలేదు. బయటపడింది ఎలాగంటే, పక్కవాళ్ళు ఎటా వీలర్ అనే సంఘసేవకురాలి చెవిన వేశారు. ఆవిడ వదల్లేదు. కోర్టు తర్వాత పిల్లని మొదట ఒక సదనానికి పంపితే, ఈ చోటు కూడా ఆమెకి సరిపడదని అక్కణ్ణించి తీసి తన తల్లి దగ్గర ఉంచింది. తల్లి పోయాక చెల్లెలు పెంచింది. అంటే మొదటి ఇల్లూ వేరేవాళ్ళదే, రెండో ఇల్లూ వేరేవాళ్ళదే. రెండో ఇంటి గురించి మాత్రం ఒక మనిషికి పట్టింది. మేరీ ఎలెన్ 92 ఏళ్ళు బతికి 1956లో పోయింది.

ఎవరూ వెళ్ళి చూడకపోతే ఏమవుతుందన్నదానికి ఇంగ్లండు ఇంకా పెద్ద మూల్యం చెల్లించింది. 1945 జనవరిలో డెన్నిస్ ఒనీల్ అనే పన్నెండేళ్ళ పిల్లాడు ఫోస్టర్ కుటుంబం నడిపే పొలంలో ఆకలితో, దెబ్బలతో చనిపోయాడు. పిల్లాడి బాధ్యత ఒక స్థానిక కౌన్సిలుది, పొలం ఇంకో కౌన్సిలు పరిధిలో. వాళ్ళు చూస్తారని వీళ్ళు, వీళ్ళు చూస్తారని వాళ్ళు. ఆ చావు మీద విచారణ జరిగింది. మూడేళ్ళకి 1948లో పిల్లల చట్టం వచ్చింది. నా ఉద్యోగంలో "అది మా పరిధి కాదండీ" అన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఆ పిల్లాడే గుర్తొచ్చేవాడు. మీ ఇంటికి మేం చెప్పాపెట్టకుండా వస్తే, పిల్లతో విడిగా మాట్లాడాలంటే మీకు చిరాకేస్తుంది. మా ఇంటికి వచ్చినప్పుడు నాకూ చిరాకే, ఇల్లంతా చిందరవందరగా ఉంటుంది. అయినా తలుపు తీస్తాను.

ఇక కుటుంబాలు ఎందుకు దొరకవన్న దగ్గరికి వద్దాం. మనుషుల్లో మంచితనం తగ్గిపోయిందని ఉపన్యాసాలు విన్నాను. అదేం కాదు. ముందుకొచ్చేవాళ్ళు ఉన్నారు. వచ్చినవాళ్ళు నిలవట్లేదు. ఎందుకు నిలవరో నాకు తెలుసు, నేను రెండుసార్లు మానేద్దామనుకున్నాను.

మొదటిసారి సంగతి ఇది. ఒక అమ్మాయిని పంపారు, తొమ్మిదేళ్ళు. "చాలా నెమ్మదస్తురాలండీ" అన్నారు. రాత్రయ్యేసరికి తిండి దాచేది. దిండు కింద, అల్మారా వెనక, స్కూలు బ్యాగులో. చీమలు, వాసన. నేను మందలించాను, ఆ పిల్ల ఇంకా లోతుగా దాచింది. నెల తర్వాత తెలిసింది, ఆ పిల్ల ఇంట్లో రెండేసి రోజులు తిండి ఉండేది కాదని, ఆ సంగతి ఆఫీసు ఫైల్లో మూడో పేజీలోనే ఉందని. నాకు ఆ మూడో పేజీ ఇవ్వలేదు. యశోదకి చెప్పనట్టే! అప్పుడు ఒక డబ్బా తెచ్చి దాని మీద ఆ పిల్ల పేరు రాసి మంచం పక్కన పెట్టాను. ఇది ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిను, అడగక్కర్లేదు అన్నాను. ఆరు వారాలకి దాచడం ఆగింది. డబ్బా మాత్రం వెళ్ళిపోయేదాకా అక్కడే ఉంది. ఆ మూడో పేజీ మొదటి రోజే ఇచ్చి ఉంటే, ఒక నెలపాటు ఆ పిల్లని దొంగలా చూసిన పాపం నాకు తగిలేది కాదు.

రెండోసారి తప్పు నాదే. పిల్లలు వారానికోసారి కన్నతల్లిని కలుస్తారు. కలిసొచ్చిన రాత్రి నరకం. పక్క తడుపుతారు, కొడతారు, ఏడుస్తారు. మీకు ఏమనిపిస్తుంది? ఈ కలవడాలే లేకపోతే హాయిగా ఉంటాడు కదా అని. ఒకరోజు ఆవిడ రాలేదు. పిల్లాడు గంటన్నర కిటికీ దగ్గర నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండి, వాడు వింటుండగానే "ఇలాంటి తల్లులు ఎందుకు కంటారో" అనేశాను. ఆ పిల్లాడు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మ తప్పు చేసిందని వాడికి తెలియదా? నాకంటే బాగా తెలుసు. కానీ వాడు ఆవిడలోంచి వచ్చాడు. ఆవిడ పనికిరానిదైతే తనూ పనికిరానివాడే కదా. అప్పుడు అర్థమైంది జాయిస్ ఆ ఫొటో ఎందుకు పెట్టుకుందో. మర్నాడు వాళ్ళమ్మ ఫొటో ఒకటి సంపాదించి వాడి మంచం దగ్గర పెట్టాను. ఏమీ అనలేదు వాడు. తీసి కాస్త పక్కకి జరిపి, తిన్నగా పెట్టాడు.

మిగిలిన కష్టాలు మామూలువి, చకచకా చెప్పేస్తాను. ఆదివారం సాయంత్రం ఏదైనా జరిగితే ఫోన్ ఎత్తేవాళ్ళుండరు. స్కూల్లో సంతకం పెట్టే హక్కు మీకుందో లేదో ఎవరూ తేల్చరు. ఏడాదిలో ఒక వారం ఊపిరి పీల్చుకోవడానికి పిల్లని ఇంకో తెలిసిన ఇంట్లో ఉంచే ఏర్పాటు కాగితం మీదే ఉంటుంది. మీ సొంత పిల్లలు "మా అమ్మ మాకు మిగలట్లేదు" అంటారు, అది నిజం కూడా. అన్నిటికీ మించిన టెన్షన్, రేపు ఈ పిల్ల ఏదైనా ఆరోపణ చేస్తే ఏమవుతుందన్నది. ఆ భయం ఉన్నా రండి అని నేను అబద్ధం చెప్పను. ఆరోపణ వస్తే విచారణ జరగాల్సిందే, డెన్నిస్ లాంటి పిల్లాడు చెప్పింది వినేవాడు ఒకడు ఉండాలి. కాకపోతే ఆ విచారణ నెలల తరబడి సాగుతున్నప్పుడు ఆ కుటుంబం పక్కన కూర్చునేవాడు కూడా ఒకడు ఉండాలి కదా. ఉద్ధవుడు.

అందరూ పిల్లల్ని తీసుకోనక్కర్లేదు. ఈ హాల్లో ఇంతమంది ఉన్నారు, ఇద్దరు ముందుకొస్తే చాలా ఎక్కువ. మిగతావాళ్ళకి నా దగ్గర వేరే పనులున్నాయి. మీ వీధిలో ఫోస్టర్ కుటుంబం ఉంటే నెలకి ఒక సాయంత్రం ఆ పిల్లల్ని చూసుకోండి, ఆ దంపతులు బయటికెళ్ళి వస్తారు. ఆ పిల్లని "మీ అమ్మానాన్నా ఏమయ్యారమ్మా" అని అడక్కండి. మీ కుతూహలం తీర్చడం ఆ పిల్ల పని కాదు. పాత సూట్‌కేసులుంటే ఇవ్వండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. పిల్లలు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి వెళ్ళేటప్పుడు బట్టలు చెత్త సంచుల్లో వేసి పంపిస్తారు చాలా చోట్ల. చెత్త సంచి పట్టుకుని నిలబడ్డ పిల్లకి తన గురించి ఏమనిపిస్తుందో మీరే ఆలోచించండి. అన్నిటికన్నా ముఖ్యం, అదే పేటలో, అదే స్కూలు దగ్గర కుటుంబాలు దొరకాలి. నలభై మైళ్ళ అవతల కుటుంబం దొరికితే ఆ పిల్ల ఇంటితోపాటు స్కూలు, స్నేహితులు, టీచరు, అన్నీ ఒక్క రోజులో పోగొట్టుకుంటుంది. అక్కచెల్లెళ్ళని విడదీసేదీ చాలాసార్లు అందుకే, ముగ్గురికి చోటున్న ఇల్లు దగ్గర్లో లేక.

ప్రశ్నలుంటే చీటీల మీద రాసి పంపమన్నాను కదా, ఒకటే వచ్చింది. "పిల్లలు వెళ్ళిపోయేటప్పుడు మీరెలా తట్టుకుంటారు?" ఎవరు రాశారో గానీ, ఇందాకట్నించీ నేను దాటవేస్తున్నది ఇదే.

ఏడుస్తానండీ. ముందు పిల్లాడి ఎదురుగా ఏడవను, తర్వాత ఏడుస్తాను. కొందరు మాకు శిక్షణలో "మరీ దగ్గర కాకండి, వెళ్ళిపోతారు" అని చెప్పేవారు. నేను ఒప్పుకోను. దగ్గరవడం వాడికి ఒకసారి వస్తే ఇంకోచోటా వస్తుంది. దగ్గరవకుండా దూరంగా పెంచితే వాడు నేర్చుకునేది దూరమే.

ఒక నాలుగేళ్ళ పిల్లాడు మా దగ్గరికి రెండు రాత్రుల కోసమని వచ్చి పద్నాలుగు నెలలున్నాడు. వచ్చినప్పుడు బూట్లు వేసుకునే పడుకునేవాడు. విప్పితే గుక్కపట్టి ఏడ్చేవాడు. వాళ్ళింట్లో అర్ధరాత్రి ఎన్నిసార్లు పారిపోయారో మాకు తెలుసు. బూట్లు లేకుండా దొరికిపోతానని వాడి భయం. నేను రెండు వారాలు బతిమాలాను. మా ఆయన ఏమీ అనకుండా ఒకరోజు మా ఇద్దరి చెప్పులూ తెచ్చి వాడి మంచం కింద వరసగా పెట్టేశాడు. "మేం వెళ్ళాలంటే ఇక్కడికి రావాలి కదరా, నిన్ను లేపకుండా ఎలా వెళ్తాం" అన్నాడు. ఇంకో వారానికి వాడివీ ఆ వరసలోకి వచ్చాయి.

పద్నాలుగు నెలల్లో వాళ్ళమ్మ చికిత్స పూర్తి చేసుకుంది, వేరే ఇల్లు తీసుకుంది, ఉద్యోగం దొరికింది. పంపించాం. వెళ్ళిన నాలుగో రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. నియమం ప్రకారం ఆవిడ నాకు ఫోన్ చెయ్యొచ్చో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ గొంతు చాలా చిన్నగా ఉంది. "ఏమనుకోకండి, వీడు బూట్లు విప్పట్లేదు. మీ దగ్గర విప్పేవాడటగా?" అంది. విప్పమనకండమ్మా, మీ చెప్పులు తీసుకెళ్ళి వాడి మంచం కింద పెట్టండి, అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత నేల మీద చెప్పులు జరిపిన చప్పుడు వినిపించింది.